క్యాలెండర్‌ను నమ్ముకుని కొండెక్కితే

మే చివరి వారంలో మేం ఒక కొండ ఎక్కబోయి, మంచులో ఇరుక్కుని, శిఖరం చూడకుండానే దిగొచ్చాం. ఆ సంగతి ఎవరి ద్వారానో విన్న ఒక పెద్దావిడ మొన్న కనబడి భుజం తట్టారు. "అనుకోకుండా వాతావరణం అలా తిరగబడితే వెనక్కి రావడానికి ఎంత నిబ్బరం కావాలి! తెలివైన పని చేశావు నాయనా" అన్నారు. నేను వినయంగా నవ్వి ఊరుకున్నాను.

ఇంటికొచ్చాక ఆ నవ్వు గుర్తొచ్చి సిగ్గేసింది. ఆవిడ మాటలో రెండు పొరపాట్లున్నాయి. "అనుకోకుండా" అన్నది ఒకటి, "తెలివైన పని" అన్నది రెండోది. రెండూ నాకు అనుకూలమైనవే కాబట్టి అప్పుడు దిద్దలేదు. ఇప్పుడు దిద్దుదామని కూర్చున్నాను.

మే నెలలో గ్లోవ్సా?

ముందు రోజు సాయంత్రం సూర్యుడి చుట్టూ వరదగుడి కట్టింది. మా బావ దాన్ని చూపించి "గుడి కట్టిందిరా, వానొస్తుందేమో" అన్నాడు. నేను ఫోన్ తీసి చూపించాను. రేపు 17 డిగ్రీలు, అక్కడక్కడా మబ్బులు. సామెతలకు కాలం చెల్లింది బావా అన్నట్టు ఒక చూపు చూశాను.

పొద్దున ఆరింటికి కారు దిగాం. ఆకాశం పాలిపోయి ఉంది, గాలి లేదు. దారి పక్కన చిన్న చిన్న పువ్వులు విచ్చుకుంటున్నాయి. బావ డిక్కీ తెరిచి రెండు జతల గ్లోవ్స్ బయటికి తీశాడు. "నీకూ తెచ్చాను" అని ఒక జత నా వైపు చాపాడు. "మే నెలలో గ్లోవ్సా బావా?" అని పడీపడీ నవ్వాను. ఆయన కాస్త చిన్నబుచ్చుకుని రెండు జతలూ వెనక సీటు మీదికి విసిరేశాడు. నావి మాత్రమే కాదు, తనవి కూడా. ఆ రోజు జరిగినవన్నీ కలిపి చూసుకుంటే నేను తీసుకున్న అసలు నిర్ణయం ఇదొక్కటే. అప్పటికి అది నిర్ణయంలా లేదు, జోకులా ఉంది.

దారి మొదలయ్యే చోటు 1,900 మీటర్లు, శిఖరం 3,100. మొదటి రెండు గంటలు హాయిగా గడిచాయి. ఎంత హాయంటే, చెమట పట్టి నేను లోపలి చొక్కా దాకా తడిపేసుకున్నాను. 2,300 దగ్గర సన్నగా వాన మొదలైంది. రెయిన్ జాకెట్లు వేసుకున్నాం. ఈ మాత్రం వానకేముంది అనుకుంటూ ఇంకో గంట నడిచాం. 2,600 దగ్గర ఆ వానే మంచైంది. ఫలానా చోట మారిందని చెప్పలేను. జాకెట్ మీద పడుతున్న చప్పుడు ఆగిపోయింది. అంతే. వాన ఆగిందనుకుని తలెత్తి చూస్తే తెల్లగా, ముద్దలు ముద్దలుగా పడుతోంది. ఇద్దరం నోరు తెరుచుకుని పిల్లల్లా నవ్వాం. ఫొటోలు తీసుకున్నాం. ఆ నవ్వుల్లో ఇరవై నిమిషాలు, ఫోన్లో బ్యాటరీ, రెండూ కరిగిపోయాయి.

చెట్లు దాటి పైకి రాగానే గాలి అందుకుంది. దారి గుర్తుగా పేర్చిన రాళ్ళ కుప్పలు ఒకదాని దగ్గర నిలబడితే ఇంకోటి కనబడాలి. మేం నిలబడ్డ దాని దగ్గర నుంచి ఏమీ కనబడలేదు. నేల తెలుపు, గాలి తెలుపు, ఆకాశం తెలుపు. ఏటవాలు ఎటు దిగుతోందో కాలికే తెలియాలి గానీ కంటికి తెలియడం లేదు. జాకెట్ జిప్ మెడ దాకా లాక్కుందామంటే వేళ్ళు జిప్‌ను పట్టుకోలేకపోయాయి. పట్టుకున్నాననే అనిపిస్తోంది, చూస్తే చేతిలో ఏమీ లేదు. బావ వచ్చి, బడికి పంపే పిల్లాడికి పెట్టినట్టు పెట్టాడు. ఆయన వేళ్ళూ నీలంగానే ఉన్నాయి. గ్లోవ్స్ మాట ఇద్దరం ఎత్తలేదు.

ఇంకో అరగంట పైకే నడిచాం. ఇది నేను ఒత్తి చెప్పాల్సిన విషయం. చేతులు పనిచెయ్యడం లేదని తెలిశాక, దారి కనబడటం లేదని తెలిశాక, అరగంట పైకే నడిచాం. దారిలో బావ మాటలు తగ్గిపోయాయి. ఏం అడిగినా "ఊ" అంటున్నాడు. ఒకచోట రాయి మీద కూర్చుని "అయిదు నిమిషాలు" అన్నాడు. నాకు చిరాకేసింది. చలిలో మనిషి ముద్దమాటలు మాట్లాడటం, చేతిలోవి జారవిడవడం, తూలడం, ఊరికే చిరాకుపడటం, ఇవన్నీ ఒంటి వేడి పడిపోతోందనడానికి తొలి గుర్తులని నేను ఎప్పుడో చదివాను. ఆయనలో రెండు గుర్తులు కళ్ళెదురుగా ఉన్నాయి, నాలో మిగతా రెండూ ఉన్నాయి. చదివింది ఒక్కటీ గుర్తు రాలేదు.

చివరికి మమ్మల్ని వెనక్కి తిప్పింది ఫోను. మ్యాప్ చూద్దామని తీస్తే, నలభై శాతం చూపించింది కాస్తా నా చేతిలోనే ఆరిపోయింది. లిథియం బ్యాటరీలు చలికి అలా పడిపోతాయి, లోపల చార్జ్ ఉన్నా అందించలేవు. బావ ఫోన్‌లో ఆ మ్యాప్ లేదు. అప్పుడు, అప్పుడు మాత్రమే, నాకు భయం వేసింది. "పద బావా, దిగిపోదాం" అన్నాను. ఆవిడ మెచ్చుకున్న నిబ్బరం ఇదీ.

దిగడం ఎక్కినదానికన్నా అన్యాయంగా సాగింది. పది నిమిషాల కిందటి మా అడుగులే పూడిపోయాయి. ఒకచోట, చదునుగా కనిపించిన తెల్లటి నేల మీద కాలు పెడితే తొడ దాకా దిగబడింది. కింద వాగు. శీతాకాలం నాటి పాత మంచు దాని మీద వంతెనలా మిగిలి ఉంది, అడుగున నీళ్ళు దాన్ని తొలిచేస్తున్నాయి, పైన కొత్త మంచు అంతా ఒకేలా కప్పేసింది. కాలు బయటికి లాక్కున్నాను, బూటు నిండా నీళ్ళు. చెట్ల దగ్గరికి చేరేసరికి గాలి తగ్గింది, బావ మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టాడు. మొదట మాట్లాడింది నన్ను తిట్టడానికి. ఆ తిట్లు వింటే ప్రాణం లేచొచ్చింది.

కారు తాళం తిప్పడానికి రెండు చేతులూ వాడాల్సొచ్చింది. వెనక సీటు మీద రెండు జతల గ్లోవ్స్, పొడిగా, వెచ్చగా.

ఎవరికి అనుకోనిది?

వారం తర్వాత తీరిగ్గా లెక్కేశాను. నేను బావకు చూపించిన ఆ 17 డిగ్రీలు కొండ కింది ఊరివి. ఆ ఊరు 1,100 మీటర్ల ఎత్తులో ఉంది. గాలి సగటున ప్రతి వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. రెండు వేల మీటర్ల తేడాకు 13 డిగ్రీలు తీసేస్తే శిఖరం మీద మిగిలేది 4. వానా మంచూ ఏమీ రాకుండా, అంచనా అక్షరాలా నిజమైనా 4. దానికి గంటకు నలభై కిలోమీటర్ల గాలి తగిలితే ఒంటికి అది మైనస్ రెండులా తగులుతుంది. సున్నా డిగ్రీల్లో యాభై కిలోమీటర్ల గాలైతే మైనస్ ఎనిమిది. ఇవి రహస్య శాస్త్రాలు కావు, స్కూల్లో చదువుకున్న తీసివేతలు. అంచనా తప్పలేదు. నేను వేరే చోటి అంచనా చదువుకుని కొండెక్కాను.

కొండ మీద ఏ ఎత్తులో గాలి సున్నా డిగ్రీలకు దిగుతుందో చెప్పే అంచనాలు విడిగా ఉంటాయి. మంచు ఆ మట్టంతో ఆగదు, ఇంకో రెండు మూడు వందల మీటర్లు కింది దాకా కరగకుండా పడగలదు. వాన జోరుగా ఉంటే ఇంకా కిందికి కూడా వస్తుంది, ఎందుకంటే పడే మంచు కరుగుతూ కరుగుతూ చుట్టూ ఉన్న గాలిలోంచే వేడి లాక్కుంటుంది, గాలి ఇంకా చల్లబడుతుంది. మాకు చప్పుడు లేకుండా వాన మంచుగా మారింది బహుశా అందుకే. ఆ రోజు సున్నా మట్టం ఎక్కడుంటుందో ముందు రోజు చూసి ఉంటే, పైన మంచు పడొచ్చని అర్థమయ్యేదేమో. చూడలేదు. చూడకపోవడాన్ని "అనుకోకుండా" అంటున్నాం.

వసంతం చివర్లో చలి తిరగబడటం ఎంత పాత సంగతంటే, దానికి పేర్లు కూడా ఉన్నాయి. మధ్య యూరప్‌లో మే 11, 12, 13 తేదీల సెయింట్లను కలిపి మంచు సెయింట్లు అంటారు, ఆ రోజులు దాటేదాకా చలి పోయిందని నమ్మరు. జూన్‌లో వచ్చే చలికి జర్మన్‌లో గొర్రెల చలి అని పేరు, అప్పుడే బొచ్చు కత్తిరించిన గొర్రెలు దానికి దొరికిపోతాయి కాబట్టి. ఈ పేరు తెలిసిన రోజు నాకు నవ్వొచ్చింది. గ్లోవ్స్ సీటు మీద వదిలేసి వెళ్ళిన గొర్రెను నేనే కదా.

నవ్వు రాని ఉదాహరణలే ఎక్కువ. 2021 మే 22న చైనాలోని గాన్సు ప్రాంతంలో కొండల మీదుగా 100 కిలోమీటర్ల పరుగు పందెం జరిగింది. 172 మంది బయల్దేరారు. ఎత్తు మీద ఉండగా వడగళ్ళు, గడ్డకట్టే వాన, ఈదురుగాలి ముంచుకొచ్చాయి. చాలామంది నిక్కర్లు, పల్చటి చొక్కాల మీద ఉన్నారు. 21 మంది చనిపోయారు. వాళ్ళు మాలాంటి వారాంతపు నడకగాళ్ళు కాదు, ఎంతో దిట్టంగా పరిగెత్తేవాళ్ళు. వాళ్ళలో ఆరుగుర్ని తన గుహలోకి తీసుకెళ్ళి మంట వేసి బతికించింది ఒక గొర్రెల కాపరి. ఆ తుఫాను ఆయన్నీ పట్టుకుంది. కానీ ఎక్కడ తలదాచుకోవాలో ఆయనకు ముందే తెలుసు. గుహలో కట్టెలూ బట్టలూ ముందే ఉన్నాయి.

2024 జూన్ మొదట్లో ఉత్తరాఖండ్‌లో సహస్రతాల్ సరస్సుకు వెళ్ళే కొండదారిలో ఏం జరిగిందో తెలిసిందే. ఎక్కువమంది కర్ణాటక నుంచి వెళ్ళిన 22 మంది బృందం మంచుగాలుల్లో చిక్కుకుంది, తొమ్మిది మంది తిరిగి రాలేదు. మనం మైదానంలో కూర్చుని ఎండలకు మాడిపోతున్న రోజులవి. అందుకే ఆ వార్త విన్నప్పుడు నా చుట్టూ ఉన్నవాళ్ళందరి నోటా వచ్చిన మొదటి మాట "జూన్‌లోనా?" అని. కొండ మీద కాలాన్ని మనం కింద పడుతున్న చెమటతో కొలుస్తున్నాం.

అంతకన్నా వెనక్కి వెళ్తే, 1986 మేలో అమెరికాలోని మౌంట్ హుడ్ మీద ఒక బడి పిల్లల బృందం తుఫానులో చిక్కుకుంది. పిల్లలూ పెద్దలూ కలిపి తొమ్మిది మంది పోయారు. ఆ బృందంలో కొందరు అంతకు ముందే దారి మధ్యలో వెనుదిరిగారు. వాళ్ళ గురించే నేను ఎక్కువగా ఆలోచిస్తుంటాను. బతికి బయటపడ్డారు కాబట్టి వాళ్ళది వివేకం అనుకోవడం మనకు సులువు. తమతో నడిచిన వాళ్ళు పైనే ఉండిపోయాక ఆ మాట వాళ్ళకు ఎలా వినబడుతుందో?

శీతాకాలమే నయం

దీని మీద ఒక అభ్యంతరం వెంటనే వస్తుంది. శీతాకాలంలో ఎక్కేవాళ్ళు లేరా, మైనస్ ఇరవైలో ఎక్కి దిగేవాళ్ళు లేరా, ఒక్కరోజు వసంతపు మంచుకు ఇంత రాద్ధాంతమా అని. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఇప్పుడు తలకిందులుగా అనుకుంటున్నాను. నాలాంటి మామూలు నడకగాడికి మైనస్ పది కంటే ప్లస్ ఒకటి ప్రమాదం.

మైనస్ పదిలో పడే మంచు పొడిగా ఉంటుంది, దులుపుకుంటే రాలిపోతుంది. సున్నా చుట్టుపక్కల పడేది తడి మంచు, మీద పడి కరిగి లోపలికి దిగుతుంది. నీళ్ళు గాలి కంటే సుమారు పాతిక రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తాయి. నూలు బట్ట ఒకసారి తడిసిందా, ఒంటికి అంటుకున్న చల్లటి నీళ్ళ సంచే. నేను ఆ రోజు వేసుకున్న లోపలి చొక్కా నూలుది, పైగా మొదటి రెండు గంటల చెమటతో ముందే తడిపాను. కింది వెచ్చదనం నాకు మేలు చేసిందనుకున్నాను గానీ, పైన చలికి కావలసిన తడిని అదే తయారుచేసి పెట్టింది.

అసలు తేడా బట్టల్లో కాదు, బుర్రలో ఉంది. జనవరిలో కొండెక్కేవాడు జనవరి బుర్రతో ఎక్కుతాడు. పాదాలకు ముళ్ళ పట్టీలు, ఒకటికి రెండు జతల గ్లోవ్స్, ఫ్లాస్కు, తలకు దీపం, అన్నీ సర్దుకుంటాడు. పొద్దు తొందరగా గుంకుతుందని గుర్తుంటుంది. మధ్యాహ్నం ఒంటిగంటకే వెనక్కి తిరగాలని ముందే అనుకుంటాడు. మే నెల వాడికి పువ్వులు కనబడతాయి, పొద్దు ఏడు దాటినా ఉంటుంది కదా అని ధీమా. సరంజామా కారులో, ధీమా ఒంటి మీద. జనవరి చలి వచ్చి వాడి మీద పడితే, వాడికి లేనిది గ్లోవ్స్ ఒక్కటే కాదు, ఆ చలిని చలిగా గుర్తుపట్టే మనసు కూడా లేదు. మేం మంచు చూసి నవ్వామే, అక్కడ తెలుస్తుంది. జనవరిలో ఎవరూ అలా నవ్వరు.

మంచి సరంజామా ఉన్నవాళ్ళకూ ఇది తప్పదని ఒప్పుకోవాలి. 2018 ఏప్రిల్ చివర్లో స్విట్జర్లాండ్‌లో ఆల్ప్స్ మీద స్కీయింగ్ చేస్తూ వెళ్ళిన ఒక బృందం, తలదాచుకోవాల్సిన గుడిసెకు కొన్ని వందల మీటర్ల దూరంలో దారి కనబడక, రాత్రంతా బయటే ఉండిపోయింది. ఏడుగురు చనిపోయారు. వాళ్ళకు గైడు ఉన్నాడు, మంచుకు తగ్గ బట్టలున్నాయి. తెలుపు కమ్మేస్తే కొన్ని వందల మీటర్లు కొన్ని వందల కిలోమీటర్లతో సమానం. మాకు రాళ్ళ కుప్ప కనబడనప్పుడు నేను ఆ మాట నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నాను.

పైకెళ్ళిన ఇద్దరు

ఇక్కడిదాకా నా వాదన నాకే బాగుంది. కానీ ఒక ముల్లు ఉంది.

మేం చెట్లు దాటి పైన ఉండగా మమ్మల్ని దాటుకుంటూ ఒక జంట పైకి వెళ్ళింది. కాళ్ళకు పరుగు బూట్లు, వీపున చిన్న సంచులు. నవ్వుతూ చెయ్యూపారు. మేం కారు దగ్గర హీటర్ వేసుకుని వణుకుతూ కూర్చున్న రెండు గంటలకు వాళ్ళు దిగొచ్చారు. పలకరిస్తే "కొంచెం చలేసింది, అంతే. పైన అద్భుతంగా ఉంది" అన్నారు. ఫోన్లో ఫొటో చూపించారు. శిఖరం మీది రాళ్ళ గుట్ట పక్కన ఇద్దరూ, వెనకంతా తెలుపు. అద్భుతం ఎక్కడుందో నాకు కనబడలేదు గానీ, శిఖరం మాత్రం శిఖరమే.

అయితే మేం ఊరికే భయపడ్డామా? బావ అప్పుడే అనేశాడు, "ఇంకో గంట ఓపిక పడితే అయిపోయేదేమోరా" అని. ఈ ప్రశ్న నన్ను వారాలపాటు తినేసింది. ఇంతా చేసి నా దగ్గర ఉన్న జవాబు ఒకటే, అది నాకూ పూర్తిగా తృప్తినివ్వదు. వాళ్ళు క్షేమంగా రావడం వాళ్ళ నిర్ణయం మంచిదని రుజువు చెయ్యదు. మేం క్షేమంగా రావడం మా నిర్ణయం మంచిదని రుజువు చెయ్యదు. తాగి బండి నడిపి ఇంటికి చేరినవాడు ప్రతిసారీ తను బాగా నడుపుతానని ఇంకొంచెం నమ్ముతాడు. కొండ అంతకన్నా చెడ్డ పంతులు. తప్పు జవాబుకు పదిలో తొమ్మిది సార్లు పూర్తి మార్కులేసి పంపిస్తుంది. ఆ జంట వచ్చే మేలో అవే బూట్లతో వస్తారు, పోయినసారి ఏమీ కాలేదు కదా అన్న ధైర్యం కూడా తోడు తెచ్చుకుని. తప్పు వాళ్ళది కాదు, మార్కులేసిన వాళ్ళది.

ఈ మాట ఇక్కడితో ఆపేస్తే నాకు సౌకర్యంగా ఉంటుంది. కానీ ఇది రెండు వైపులా కోస్తుంది. వాళ్ళకు నిజంగానే ఒంటి సత్తువ మాకన్నా ఎక్కువ ఉండొచ్చు. వేగంగా కదిలే ఒళ్ళు వేడిని పుట్టిస్తూనే ఉంటుంది, పైన గడిపే సమయం కూడా తగ్గుతుంది. ఆ చిన్న సంచుల్లో ఏముందో నేను చూడలేదు, గ్లోవ్స్ ఉండే ఉంటాయి. నావి కారులో ఉన్నాయన్న కడుపుమంటతో నేను వాళ్ళను తీసిపారేస్తున్నానేమో కూడా.

ఒకటి మాత్రం కడుపుమంట కాదు. వాళ్ళు మమ్మల్ని దాటి వెళ్ళినప్పుడు నేను మనసులో అనుకున్నది నాకు గుర్తుంది. "వాళ్ళు వెళ్తున్నారు కదా, ఫరవాలేదన్నమాట." అందుకే మేం మరో అరగంట పైకి నడిచాం. బహుశా వాళ్ళూ మమ్మల్ని చూసి అదే అనుకుని ఉంటారు, పైన మనుషులున్నారు కదా అని. ఒకరి అజ్ఞానం ఇంకొకరికి హామీ.

అక్క ఒప్పుకోలేదు

ఇదంతా నేను మొదట వినిపించింది ఇరవై ఏళ్ళుగా కొండలు తిరుగుతున్న ఒక అక్కకు. నా ప్రతిపాదన ఏమిటంటే, నిర్ణయాలన్నీ కిందే చేసేసుకోవాలి. చేతులు వెచ్చగా, బుర్ర పొడిగా ఉన్నప్పుడు. సున్నా మట్టం శిఖరానికి కిందుంటే శీతాకాలపు సంచి సర్దాలి, లేకపోతే ఎక్కకూడదు. ఒక రాళ్ళ కుప్ప నుంచి ఇంకోటి కనబడకపోతే అక్కడే ఆగి తిరగాలి. వేళ్ళు జిప్ పట్టుకోలేకపోతే చర్చ లేదు. పైన ఆలోచించడానికి ఏమీ మిగలకూడదు, ఎందుకంటే పైన ఆలోచించేది నేను కాదు, నా చలి.

ఆవిడ చివరిదాకా విని, "నువ్వు కొండకెళ్తున్నావా, పరీక్ష రాయడానికా?" అంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. రూళ్ళు పెట్టుకున్నవాళ్ళు రూలులో లేని చోట కళ్ళు మూసుకుంటారట. మంచుకు రూలు పెట్టుకున్నవాడు పిడుగుకు దొరుకుతాడు. గాలి వాసన మారడం, పక్షులు సద్దుమణగడం, పక్కవాడి నడకలో తేడా, ఇవి లెక్కల్లోకి రావు, ఇవి పట్టుకోవాలంటే పైనే ఆలోచించాలి. "మీ బావ గుడి కట్టిందన్నాడు. నువ్వు అంకె చూపించావు. ఇప్పుడు తప్పు చేసింది అంకె చూడకపోవడం వల్ల అంటావా?"

దీనికి నా దగ్గర జవాబు లేకపోయింది. దూరాన గుడి కడితే దగ్గర్లో వాన అనే మాట మా ఇంట్లో అందరికీ నోటికొచ్చు. సన్నటి ఎత్తైన మబ్బుల్లోని మంచు పలుకుల మీద వెలుగు విరిగి ఆ గుడి కడుతుంది, ఆ మబ్బులు చాలాసార్లు వెనక వచ్చే వానకు ముందు నడుస్తాయి. ప్రతిసారీ కాదు. కానీ ఆ సాయంత్రం బావ చూసింది కొండ మీది ఆకాశాన్ని, నేను చూసింది కింది ఊరి అంకెను.

అయినా ఆవిడతో పూర్తిగా ఒప్పుకోలేకపోతున్నాను. పక్కవాడి నడకలో తేడా పట్టుకోవాలంటుంది. బావ రాయి మీద కూర్చుని "అయిదు నిమిషాలు" అన్నప్పుడు నేను రెండడుగుల దూరంలోనే ఉన్నాను. నాకు చిరాకు మాత్రమే వచ్చింది. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కంటే దిగితే దాన్ని హైపోథెర్మియా అంటారు, అది ముదిరితే కొందరు వేడిగా ఉందంటూ బట్టలు కూడా విప్పేస్తారు. చల్లబడిన మెదడు తాను చల్లబడ్డానని చెప్పుకోలేదు. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న మెదడు కొంచెం ఆలస్యంగా మోసపోతుందేమో, మోసపోకుండా ఉంటుందని నేను నమ్మను. అక్కకు రూళ్ళు అక్కర్లేకపోవడానికి కారణం, అవి ఆవిడ చేతుల్లోకి ఇంకిపోయి ఉండటం. ఆవిడ సంచి పై అరలో ఏడాది పొడవునా గ్లోవ్స్ ఉంటాయి. అడిగితే "అవి అక్కడే ఉంటాయి, ఎందుకేమిటి" అంది. నేను కాగితం మీద రాసుకోవాలంటున్నది అదే.

ఆవిడ దీనికీ నవ్వింది.

ఈ మధ్య బావ వచ్చినప్పుడు అడిగాను, ఆ రోజు ఫోన్ ఆరిపోకుండా ఉంటే ఏం చేసేవాళ్ళం అని. నేను వేరే జవాబు ఆశించాను. ఎప్పుడో ఒకప్పుడు ఇద్దర్లో ఎవరో ఒకరం ఆగేవాళ్ళం అంటాడని. ఆయన కాసేపు ఆలోచించను కూడా ఆలోచించలేదు.

"పైకెళ్ళేవాళ్ళం. ఏం, నీకు తెలీదా?"